వైద్యశాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకొక మహనీయుని జీవితచరిత్రమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ ఈ గ్రంథాలయపు దీపముక్రింద భారత భాగవతములను నాకు నేనే చదివికొన్నవాడను. నాచే ఏ పురాణపురుషుని చరిత్రమో వ్రాయింపవలెనని వారి తలంపు కావచ్చును. కాని నేను భీమవరమున పుట్టి అమెరికాలో గతించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రమును ఎన్నుకొంటిని. అందులకు కారణము మనవి చేసికొనవలసియున్నది.

కొన్ని సంవత్సరములకు పూర్వము మా బంధువుల యింట ఆరేండ్ల బాలునకు జ్వరము పట్టి విడువకుండెను. ముఖము పాలిపోయెను. ఒడలిపై నల్లని మచ్చలు లేచెను. పొదిలిలో చూపించి, ఒంగోలులో చూపించి, తుదకు నగరమునకు కొనిపోగా అది రక్తపు క్యాన్సరని తేలెను. ఆ మాట చెవిని పడగనే, బిడ్డ అప్పుడే పోయినట్లు ఇంటిల్లిపాదియు ఏడ్చిరి. చికిత్స నెలల తరబడి సాగెను. ఆస్పత్రినుండి ఇంటికి వచ్చిన పిదప రెండు విధముల మాత్రలను చాలకాలము వాడవలసివచ్చెను. ఒకటి ప్రతిదినమును, రెండవది వారమునకు ఒక్క దినము మాత్రమే. వారపు మాత్రను పొరపాటున ప్రతిదినమును ఇచ్చినచో ప్రాణాపాయమని వైద్యులు మరిమరి హెచ్చరించిరి. లెక్కలవాడనగుటచే ఆ మాత్రల పద్దు వ్రాయు పని నా పాలబడెను. ఆ వారపు మాత్ర పేరు మెథోట్రెక్సేటని అప్పుడే తెలిసికొంటిని. అది ఎచటనుండి వచ్చినదో విచారింపగా మన తెలుగుబిడ్డ పేరు ఎదురాయెను. అది మొదలు ఆయన చరిత్రమును దొరికినచోట నెల్ల చదువుచుంటిని.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగానే ఉద్యోగమును విడువవలసివచ్చెను. కుటుంబము పెద్దది, రాబడి చాలనిది. బాల్యమున సుబ్బారావుగారికి చదువుపై శ్రద్ధ అంతగా లేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి పోగా, తల్లి వెనుకకు రప్పించి మరల బడిలో చేర్చెనని చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదువుకొనుచుండగా ఆత్మీయుల మరణములచే మనస్సు చెదరి మెట్రిక్యులేషను పరీక్ష తప్పిరి. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి హాజరై కృతార్థులైరి. పరీక్ష తప్పిన పిల్లవానిని పనికిరానివాడని త్రోసివేయు తలిదండ్రులు ఈ సంగతిని గమనింపవలెను.

పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిరి. ఆ దినములలో ఆయన మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్న్యసింపగోరిరి. కాని తల్లి అనుమతింపలేదు. అందుచే మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. స్నేహితులు కొంత సాయపడిరి. అనపర్తి వాస్తవ్యులగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువున కాధారమైరి. 1919వ సంవత్సరమున వారి కుమార్తె శేషగిరిగారితో సుబ్బారావుగారికి వివాహమాయెను.

అది స్వాతంత్ర్యోద్యమము దేశమునెల్ల కదలించిన కాలము. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఆయన శస్త్రచికిత్సాశాలలో సహితము ఖద్దరు వస్త్రమునే ధరించిరి. అది అచ్చటి ఆంగ్లేయ ఆచార్యునకు కంటగింపాయెను. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము చేతికి వచ్చెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకై ప్రయత్నించిరి, ఫలింపలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు మద్రాసులో నడుపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రోపన్యాసకులుగా కుదురుకొనిరి.

ఆయన జీవితమును మలుపు త్రిప్పిన దుఃఖమొకటి గలదు. సంగ్రహణి వ్యాధిచే ఆయన సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలోనే గతించిరి. తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవు రోగమది. అదే రోగము సుబ్బారావుగారికిని సోకెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికిరి. వైద్యము నేర్చియు తన యింటివారిని కాపాడుకొనలేకపోతిననెడి బాధ ఆయనను విడువలేదు. రోగమునకు మూలమేమో తెలిసికొనవలెనను పట్టుదల అప్పుడే ఏర్పడెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము చేయుదుమనెను. మామగారు మరికొంత ధనము సమకూర్చిరి. 1920వ దశకపు తొలినాళ్ళలో ఆయన ఓడనెక్కి అమెరికాలోని బోస్టన్ నగరము చేరిరి. భార్య పుట్టినింట నుండిపోయెను. కొలది ఏండ్లలో తిరిగి వత్తునని చెప్పి వెడలినవారు మరల ఈ నేలపై కాలుమోపలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధుల విద్యలో చేరిరి గాని జీవనమునకు దారి లేకుండెను. ఆస్పత్రిలో రాత్రివేళ సేవకునిపని కుదుర్చుకొని, రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచుచు, పగలు చదువుకొనిరి. స్వదేశమున వైద్యుడై యుండి పరదేశమున ఆ పని చేయుటకు సిగ్గుపడలేదు. పిదప జీవరసాయనశాస్త్ర విభాగమున సైరస్ ఫిస్కుగారి వద్ద పరిశోధనలో ప్రవేశించిరి.

ఇక్కడ లెక్కలవాడనగు నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము వచ్చుచున్నది. రక్తములోను, శరీరద్రవములలోను భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు ఆనాడు తగిన పద్ధతి లేకుండెను. ఫిస్కు, సుబ్బారావుగార్లు ఒక పద్ధతిని కనుగొని 1925లో ప్రకటించిరి. ద్రవములో కొన్ని రసాయనములు కలిపినచో భాస్వరమున్నంత మేరకు నీలవర్ణము పుట్టును. ముందే తెలిసిన కొలతగల ద్రవపు రంగుతో ఆ రంగును సరిపోల్చి భాస్వరము ఇంతయని నిర్ణయింతురు. మన అంగడిలో త్రాసు ఎట్టిదో శాస్త్రజ్ఞులకు ఆ పద్ధతి అట్టిది. నేటికిని జీవరసాయన శాస్త్రమున ఫిస్కు–సుబ్బారావు పద్ధతియని దాని పేరు నిలిచియున్నది.

ఆ త్రాసుతో కండరములలోని భాస్వరమును తూచగా ఒక తేడా కనబడెను. తెలిసిన ద్రవములో రంగు త్వరగా తేరుకొని నిలుచుచుండగా, కండరపు ద్రవములో అది మెల్లమెల్లగా, నిమిషనిమిషమునకు పెరుగుచుండెను. మరియొకడైనచో రసాయనము మంచిది కాదనియో, చేయి వణకినదనియో ఊరకుండెడివాడు. లెక్క కుదరనప్పుడు కొసరును ఏదోయొక పద్దులో కలిపి మూసివేయు అలవాటు మాలో కొందరికి గలదు. వారిరువురు అట్లు చేయలేదు. రంగు ఆలస్యమగుటకు కారణమేమని వెదకిరి. కండరములో నున్నది విడి భాస్వరము కాదనియు, క్రియాటిను అను ద్రవ్యముతో కూడిన భాస్వరమనియు, ఆ కూడిక పరీక్షలోనే విడిపోవుచు రంగును ఆలస్యము చేయుచున్నదనియు 1927లో వెల్లడించిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఆ పదార్థమునే వేరుగా గుర్తించిరి. దానికి ఫాస్ఫోక్రియాటిను అని పేరు.

ఇది చిన్న సంగతి కాదు. కండరము పనిచేయుటకు శక్తి లాక్టిక్ ఆమ్లమునుండి వచ్చుచున్నదని అంతవరకు పండితులు నమ్మియుండిరి. కండరముల పరిశోధనకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము సైతము ఈయబడియుండెను. ఈ కొత్త పదార్థముచే ఆ నమ్మకము కదలిపోయెను. 1929లో ఫిస్కు, సుబ్బారావుగార్లు ఏ.టీ.పీ. అను మరియొక పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమను అదే సంవత్సరము స్వతంత్రముగా దానిని కనుగొనెను. చీమలోనైనను ఏనుగులోనైనను, నాగలి పట్టిన రైతు భుజములోనైనను, కణముల పనులకు వెచ్చమగు నగదు ఈ ఏ.టీ.పీ.యే. ఈ పనియంతయు ఆయన ముప్పదియైదేండ్లు నిండకముందే జరిగెను.

1930లో హార్వర్డు ఆయనకు పి.హెచ్.డి. పట్టమిచ్చెను. కాని తగిన స్థిరోద్యోగము నీయలేదు. పేరుప్రతిష్ఠలకై తానెన్నడును ముందుకు తోసికొని పోలేదు. ఆ విభాగమున అప్పుడు విద్యార్థిగానుండిన జార్జి హిచింగ్సుగారు, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థముల సంగతి అచ్చునకు రాక మరుగుపడి, తరువాతివారు వానిని మరల కనుగొనవలసివచ్చినదని అనంతరకాలమున చెప్పియున్నారు. ఏకలవ్యుని బొటనవ్రేలు మనకు జ్ఞాపకము రాకపోదు. అయినను ఆయన తన విద్యను విడువలేదు.

1940లో ఆయన హార్వర్డును వదలి న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరులోని లెడర్లే ఔషధశాలలో చేరి, అచట పరిశోధనలకెల్ల అధిపతియైరి. ఆయన మొదట చేపట్టినది రక్తహీనత. ఇందులకు మన దేశమునందే నాంది జరిగియుండెను. 1928 మొదలుకొని లూసీ విల్సు అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారముచే అది నయమగుచున్నదని కనుగొనెను. ఆ సారములోని గుణద్రవ్యమేమో తెలియదు. 1941లో అమెరికాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టి ద్రవ్యమును కొద్దిగా తీసి, ఆకు అను అర్థమిచ్చు లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. ఆకుకూరనుండి తీసిన ఆ కొద్దిపాటి ద్రవ్యము లోకమునకు చాలదు. దానిని రసాయనశాలలో తయారుచేయు మార్గమును సుబ్బారావుగారి బృందము కనుగొని 1945లో ప్రకటించెను. నేడు మన పల్లెలలో గర్భిణీలకు పంచిపెట్టు ఇనుము మాత్రలో కలిసియుండు ఫోలిక్ ఆమ్లము ఇదియే. మరియొక సంగతి వినుడు. మరుసటి సంవత్సరమునకే ఈ ఫోలిక్ ఆమ్లము సంగ్రహణి రోగులకును మేలు చేయుచున్నదని వైద్యులు చూపిరి. సోదరుల నిద్దరిని మ్రింగిన రోగమునకు మందును, పాతికేండ్లకు, ఆయన శాలయే లోకమునకందించెను.

ఇక క్యాన్సరు సంగతి. బోస్టనులో బాలల ఆస్పత్రియందు సిడ్నీ ఫార్బరుగారు రక్తపు క్యాన్సరుచే మరణించు పసివాండ్రను చూచుచుండిరి. ఆనాడు ఆ రోగమునకు మందు లేదు. కొలది నెలలలోనే బిడ్డలు పోవుచుండిరి. లెడర్లేనుండి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధమగు మందులను ఆయన ఇచ్చి చూడగా, కొందరిలో రోగము తగ్గుటకు మారు వేగిరపడినట్లు తోచెను. క్షీరసాగరమును చిలికినప్పుడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టినట్లాయెను. ఇక్కడ మరల లెక్కలోని తేడాయే దారి చూపెను. ఫోలిక్ ఆమ్లము రోగకణములకు మేత యగుచున్నచో, ఆ మేతను అరికట్టినయెడల అవి చచ్చునుగదా! కావున ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని చేయని పదార్థము కావలెను. సుబ్బారావుగారి శాలలో డోరిస్ సీగరుగారు మొదలగు రసాయనశాస్త్రజ్ఞులు అట్టివానిని తయారుచేసిరి. ఫోలిక్ ఆమ్లములో ఒకచోట ఒక చిన్న భాగమును మార్చగా అమినోప్టెరిను అయ్యెను. మరియొకచోట ఇంకొక చిన్న మార్పు చేయగా మెథోట్రెక్సేటు అయ్యెను. అసురులు మోహినీరూపమును చూచి మోసపోయినట్లు, కణములు ఈ మందును మేతయనుకొని లోనికి తీసికొని, పెరుగుటకు కావలసినది లభింపక నశించును.

1947వ సంవత్సరాంతమున ఫార్బరుగారు అమినోప్టెరినును బిడ్డలకు ఈయ నారంభించిరి. 1948 జూను నెలలో ఫలితములను ప్రకటించిరి. పదునారుగురు బిడ్డలలో పదిమందికి రోగము తగ్గుముఖము పట్టెను. అది తాత్కాలికమే, కొలది నెలలకు రోగము మరల తలయెత్తెను. అయినను బాలల రక్తపు క్యాన్సరును మందు వెనుకకు తగ్గించుట లోకమున అదియే మొదలు.

ఆ కాలముననే ఆయన శాలనుండి మరి రెండు గొప్ప మందులు వెలువడెను. బోదకాలు వ్యాధిని కలిగించు పురుగులను చంపు హెట్రజాను 1947లో వచ్చెను. గోదావరి జిల్లాలలో ఆ రోగము ఎంత బాధించెనో పెద్దలెరుగుదురు. నేలమట్టిలోని సూక్ష్మజీవినుండి బెంజమిను డగ్గరుగారు కనుగొన్న ఆరియోమైసిను 1948లో వచ్చెను; టెట్రాసైక్లిను జాతి మందులలో అదియే మొదటిది. వీనిలో ఏ యొక్కటియు సుబ్బారావుగారు ఒంటరిగా చేసినది కాదు. ఎవరిచేత ఏ పని చేయింపవలెనో ఎరిగి, వారికి దారి చూపి, పేరు వారికే విడిచినవాడాయన.

అమెరికాలో సుమారు పాతికేండ్లు నివసించియు ఆయన అచ్చటి పౌరసత్వమును పొందలేదు. స్వదేశమునకును రాలేదు. 1948 ఆగస్టు నెలలో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి గతించిరి. వయస్సు ఏబదిమూడు సంవత్సరములు. ఫార్బరుగారి ఫలితములు అచ్చయి అప్పటికి రెండు నెలలే. ఇచ్చట శేషగిరిగారు భర్తను మరల చూడకయే జీవితమును గడిపిరి. మహనీయుల చరిత్రములు వ్రాయువారు ఈ పద్దును సాధారణముగా విడిచిపెట్టుదురు. లోకమునకు జమయైన దానిలో ఆ యిల్లాలి ఖర్చును ఉన్నదని నేను వ్రాయకతప్పదు.

ఆయన గతించిన పిదప ఆ మందు మరింత ఎదిగెను. 1956లో అమెరికాలో లీ, హెర్ట్జు అను వైద్యులు గర్భసంబంధమగు ఒక క్యాన్సరును మెథోట్రెక్సేటుతో పూర్తిగా నయముచేసిరి. కీళ్ళవాతమునకు సహితము అది నేడు కొద్ది మోతాదులో వాడబడుచున్నది. అయితే ఆ మందు కణములో ఎట్లు పనిచేయుచున్నదను ప్రశ్న మిగిలియుండెను. ఫోలిక్ ఆమ్లమును కణమునకు పనికివచ్చునట్లు మార్చు ఎంజైమొకటి గలదనియు, మందు దానినే పట్టివేయుచున్నదనియు 1950వ దశకపు చివర తెలిసెను. 1977లో మాథ్యూసు, క్రౌటు మొదలగువారు ఆ ఎంజైమును మందుతోసహా స్ఫటికముగా చేసి, ఎక్సు కిరణములను ప్రసరింపజేసి, దాని ఆకారమును అణువణువుగా గీసి చూపిరి. ఎంజైములో ఒక గుంట యున్నది. మందు ఆ గుంటలో గట్టిగా అమరి, అసలు ద్రవ్యమునకు చోటు లేకుండ చేయుచున్నది. అసలు ద్రవ్యము కూర్చుండు తీరునకు మందు కొంతభాగము బోర్లపడి కూర్చున్నదని కూడ పిదప తెలిసెను. సుబ్బారావుగారి బృందము తాళమును కంటితో చూడకయే తాళపుచెవిని చేసెను. నేటి యువశాస్త్రజ్ఞులు ముందుగా తాళపు రూపమును చిత్రించుకొని, దానికి సరిపడు చెవిని రూపొందించుచున్నారు. దారి సులభమైనదని కాదు, దారి కనబడుచున్నది.

మా బంధువుల బిడ్డ మాత్రల సంగతి మరల చెప్పెదను. వారపు మాత్ర సుబ్బారావుగారి శాలలో పుట్టినది. ప్రతిదినపు మాత్ర పేరు మెర్కాప్టోప్యూరిను. దానిని కనుగొన్నవారు గెర్ట్రూడు ఎలియనుగారును, హార్వర్డులో సుబ్బారావుగారిని ఎరిగిన ఆ జార్జి హిచింగ్సుగారును. వారికి 1988లో నోబెల్ బహుమానములో భాగము దక్కెను. సుబ్బారావుగారికి 1995లో, శతజయంతి సందర్భమున, మన ప్రభుత్వము తపాలాబిళ్ళ వేసెను. ఒక బూజుజాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. అంతకుమించి మన పల్లెలలో ఆయన పేరు తెలిసినవారు అరుదు.

సకాలమున పూర్తి చికిత్స అందినచోట్ల బాలల రక్తపు క్యాన్సరులో పదింట తొమ్మండుగురు బ్రతుకుచున్నారు. 1947కు పూర్వము ఒక్కడును బ్రతుకు ఆశ లేకుండెను. కావున ఆ రోగము పేరు విని చేతులు జారవిడువరాదు, దాచిపెట్టరాదు, మధ్యలో మందు మానరాదు. వేడివేడి గ్రీష్మమున పొదిలి బస్సులో బిడ్డను ఒడిలో పెట్టుకొని ఆస్పత్రికి తిరిగిన ఆ తల్లి ఒక్క వారమైనను తప్పలేదు. నా పద్దుపుస్తకములో ఒక్క గడియైనను ఖాళీగా మిగులలేదు. ఆ బాలుడు ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుచున్నాడు. సాయంకాలము మన గ్రంథాలయమునకు వచ్చి బొమ్మల పుస్తకములు తిరుగవేయుచుండును.

ఈ చరిత్రమును నేనిక్కడ వ్రాయుట ఆ బాలుడును, అతని తోటివారును చదువుదురను ఆశతోనే. పరీక్ష తప్పినను కృంగవలదు. చిన్నపనికి సిగ్గుపడవలదు. లెక్కలో తేడా వచ్చినచో దాచవలదు. దాని వెంటబడి పొండు. సుబ్బారావుగారు నడచిన మార్గమిదియే. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయపు అలమారులో ఆయన చరిత్రమునకు ఒక చోటు కల్పింపవలసినదని కార్యవర్గమువారిని కోరుచు, ఈ వ్యాసమును ముగించుచున్నాను.